పైరు తొక్కని తలారి

నేను కావాలనే అన్నదమ్ములిద్దర్నీ ఒకే ఆటలో కూర్చోబెట్టానని తర్వాత చాలామంది అన్నారు. అంత తెలివే ఉంటే మదనపల్లెలో నెట్ సెంటర్ ఎందుకు పెడతాను? ఆ రోజు జరిగింది నా తెలివి వల్ల కాదు, నా నిర్లక్ష్యం వల్ల. ఉన్నది ఉన్నట్టు చెబుతాను, తర్వాత మీ ఇష్టం.

మాది పుంగనూరు. రెండువేల ఒకటిలో మదనపల్లె బస్టాండు వెనక సందులో, మేడమీద ఒక గది తీసుకుని నాలుగు కంప్యూటర్లు పెట్టాను. ఒక్కోదానికీ ప్లైవుడ్ అడ్డం కట్టించి, ముందు కర్టెన్ వేలాడదీశాను. జనం ఎగబడి ఈ-మెయిళ్ళు పంపుకుంటారని నా ఊహ. పంపేవాడికి ఒకటుంటే చాలదు, అవతలివాడికి కూడా ఈ-మెయిలు ఉండాలన్న సంగతి నాకు ముందు తట్టలేదు. ఏడాది తిరక్కుండానే నా నెట్ సెంటర్ ఆటల సెంటర్ అయిపోయింది.

అన్నిటికన్నా బాగా నడిచింది రాజ్యాల ఆట. పాతకాలపు రాజ్యం. మొదట ముగ్గురు పనివాళ్ళను, నాలుగు గొర్రెల్ని ఇస్తారు. గొర్రెలు కోసుకుని, కట్టెలు కొట్టి, మళ్ళు వేసి, ఊరు పెంచుకోవాలి. ఊరు పెరిగేకొద్దీ గుర్రాలు, ఏనుగులు, రాళ్ళు విసిరే యంత్రాలు వస్తాయి. మొదట్లో మాత్రం దొరికేది ఒకే ఒక్క రకం సిపాయి. కాలినడక, చేతిలో పొట్టి కత్తి, ఒంటిమీద మామూలు చొక్కా. నాలుగు దెబ్బలకు పడిపోతాడు. ఆటలో వాడికేదో ఇంగ్లీషు పేరుంది గానీ, కుప్పం నుంచి వచ్చి ఇక్కడ పాలిటెక్నిక్ చదువుతున్న హరీష్ వాడికి తలారి అని పేరు పెట్టాడు. పల్లెలో చాటింపు వేసి, చేలకు కాపలా తిరిగే తలారికి ఎంత హోదా ఉందో వీడికీ అంతేనట. ఆ పేరు మా సెంటర్లో అందరికీ అంటుకుంది.

వెంకటేశులు మొదటిసారి మెట్లెక్కి వచ్చింది కూతురు తేజస్విని ఇంటర్ మార్కులు చూడ్డానికి. యాభై దాటిన మనిషి. బి.కొత్తకోట పక్కన పల్లె, మూడెకరాల టమోటా. మార్కుల కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళబోతూ, హరీష్ వెనక ఆగాడు.

"ఆ గొర్రెలు ఎవురివప్పా? మేపేవాళ్ళు లేకుండా వదిలేసినారే" అన్నాడు.

హరీష్ నవ్వి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. అంతే, మనిషి దొరికిపోయాడు. మార్కెట్ యార్డులో టమోటా వేలం పదకొండుకల్లా అయిపోతుంది, వాళ్ళ ఊరి బస్సు నాలుగింటికి. మంగళవారం, శుక్రవారం కాయ తెచ్చినప్పుడల్లా ఆ మధ్య గంటలు మా సెంటర్లోనే. చేతులు సబ్బుతో కడుక్కుని గానీ మౌస్ ముట్టేవాడు కాదు. నా గిరాకీల్లో ఆ మర్యాద తెలిసింది ఆయనొక్కడికే.

ఆయన ఆట చూస్తే నవ్వొచ్చేది. పనివాళ్ళు ఒక్కరు కూడా ఖాళీగా నిలబడరు. పంట విరగపండుతుంది. సైన్యం మాత్రం ఉండదు. కుర్రాళ్ళు వచ్చి ఊరు తగలబెట్టి పోతారు. కనీసం తలారినైనా చేసుకోమని నేనే పోరి ఒకణ్ణి చేయించాను. వాణ్ణి యుద్ధానికి పంపకుండా మళ్ళ దగ్గర నిలబెట్టాడు.

ఆ మళ్ళు వేయడం ఇంకా విచిత్రం. ఆటలో మళ్ళన్నీ ఒకదానికొకటి ఆనించి వేస్తారు, చోటు కలిసొస్తుంది. ఈయన రెండు వరుసల మధ్య సన్నగా నేల వదిలేసేవాడు.

"అదేందన్నా, చోటు వృథా" అన్నాను.

"కాలవ ఇడవద్దా మల్ల?"

"ఈ ఆటలో నీళ్ళు కట్టే పనిలేదన్నా. వట్టినే పండుతుంది."

ఆయన నావైపు జాలిగా చూశాడు. "నీళ్ళు కట్టకుండా పైరు యాడన్నా పండతాదా, ధనుంజయప్పా? సూసేవాళ్ళు నగుతారు" అని, తలారిని తీసుకెళ్ళి ఆ కాలవ మొదట్లో నిలబెట్టాడు. మా పక్క కాలవ నుంచి మడిలోకి నీళ్ళు తిప్పే సందును మడవ అంటారు. నీళ్ళు పారేంతసేపూ ఒక మనిషి పార పట్టుకుని అక్కడ ఉండాలి. ఆయన తలారికి ఆ ఉద్యోగం ఇచ్చాడు. వాడి చేతిలో ఉన్నది కత్తి అని నేను గుర్తు చేయలేదు.

రెండు నెలల తర్వాత ఒక గురువారం ఇంకొకాయన వచ్చాడు. అదే ముక్కు, అదే నడక, వయసు ఒక పదేళ్ళు తక్కువ. పేరు కుప్పుస్వామి అన్నాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించి, "మాయన్న ఈడికొస్తాడంటనే. ఏం జేస్తాడప్పా కూర్చోని?" అని అడిగాడు.

చూపించాను. తనకూ అదే నేర్పమన్నాడు. తనొచ్చిన సంగతి అన్నకు చెప్పొద్దన్నాడు. నేర్పాను, చెప్పలేదు. ఆయన కూడా మళ్ళు వేయగానే కాలవకు నేల వదిలాడు. తలారి పుట్టగానే తీసుకెళ్ళి మడవ దగ్గర నిలబెట్టాడు. ఇద్దరికీ సేద్యం నేర్పింది ఒకే తండ్రి. ఆ రోజు నేను చాలాసేపు నవ్వుకున్నాను, కాస్త బాధ కూడా వేసింది.

ఎందుకంటే ఆ అన్నదమ్ములకు నాలుగేళ్ళుగా మాటల్లేవు. అటు ఆయనా, ఇటు ఈయనా చెప్పగా విన్నది ఇది. పొలం పంచుకున్నారు గానీ బావి ఒక్కటే. తమ్ముడి భాగంలో ఉంది, నీళ్ళు ఇద్దరివీ. ఒకరోజు అన్న వంతు, ఒకరోజు తమ్ముడి వంతు. ఒకనాడు తమ్ముడి వంతు పారుతుండగా, వెంకటేశులు దగ్గర పనిచేసే మునెయ్య మడవను తన యజమాని పక్కకు తిప్పేశాడు. యజమాని పైరు వాడిపోతుంటే చూడలేకపోయాడు, అంతకుమించి వాడికి వేరే ఉద్దేశం లేదు. కుప్పుస్వామి ఊళ్ళో పదిమందిని పిలిచి అన్నను నిలబెట్టాడు. "నేను చెప్పలేదురా, వాడంతట వాడే చేసినాడు" అన్నాడు వెంకటేశులు. "నువ్వు చెప్పకుండా నీ మనిషి ఎట్ల చేస్తాడు?" అన్నాడు తమ్ముడు. అన్నకు ఆ మాట గుచ్చుకుంది. ఇక నీ గట్టు తొక్కితే నా పేరు వెంకటేశులు కాదని అందరి ముందూ చెప్పి వెళ్ళిపోయాడు. అప్పటినుంచి ఆయన వంతు నాడు మోటారు వేయడానికి కూడా ఇంకొకరే పోతారు.

రెండువేల మూడు ఏప్రిల్‌కు బావి అడుగంటింది. అప్పటికి రెండేళ్ళుగా వానల్లేవు. మోటారు పావుగంట పోసి ఆగిపోతోంది. ఇద్దరి టమోటా చేలూ మొదటి కోతకు వచ్చాయి, చెట్టునిండా కాయ ఉంది. బావి ఇంకో రెండు మట్లు, అంటే రెండు నిలువులు, లోతు చేస్తే నీళ్ళు పడతాయి. వారం పది రోజుల్లో చేయకపోతే ఇద్దరి పైరూ ఎండుతుంది. ఇద్దరికీ తెలుసు. కలిసి తవ్వాల్సిన బావి కాబట్టి ఎవరో ఒకరు ముందు నోరు తెరవాలి.

"పోయి మాట్లాడన్నా" అన్నాను వెంకటేశులుతో.

"బావి కాడికి పోవల్లంటే వాని గట్టు తొక్కల్ల గదప్పా. పదిమందిలో చెప్పిన మాట."

"మీ అన్నను పిలవండి" అన్నాను కుప్పుస్వామితో.

"పిలిస్తే రాడు. రాకపోతే నా మొగం యాడ పెట్టుకునేది? పోనీ నేనొక్కణ్ణే గడ్డపార దించుదామంటే, బావి అంతా నాదే అంటాండానని అనుకుంటాడు."

నాకు ఒళ్ళు మండింది. చెట్టుమీద కాయ ఎండుతుంటే పౌరుషాలు లెక్కపెట్టుకుంటున్నారు. కానీ మా ఇంట్లో మా చిన్నాన్నతో నేను మాట్లాడి ఆరేళ్ళయింది కాబట్టి గట్టిగా అనలేకపోయాను.

కుప్పుస్వామి కాయ తెచ్చేది గురువారాలు. ఆ వారం ఏదో బంద్ జరిగి గురువారం యార్డు మూసేశారు. కోసిన కాయ ఆయన శుక్రవారం తెచ్చాడు. పన్నెండింటికి పైకి వచ్చి, చివర నాలుగో నంబరులో కూర్చుని కర్టెన్ లాక్కున్నాడు. అన్న వచ్చే రోజని ఆయనకు గుర్తులేదో, ఉందో నాకు తెలియదు. అరగంటకు మెట్లమీద వెంకటేశులు దగ్గు వినబడింది. నేను ఎదురెళ్ళి ఆయన్ను వాకిలి పక్క ఒకటో నంబరులో కూర్చోబెట్టాను. మధ్యలో రెండు, మూడులో హరీష్, వాడి క్లాసుమేటు ఉన్నారు. కర్టెన్లకు పెట్టిన ఖర్చు ఇన్నాళ్ళకు పనికొచ్చిందనుకుని పెరుగన్నం డబ్బా తెరిచాను.

"ధనుంజయన్నా, నాలుగు మిషన్లూ కలిపేస్తాండా! ఒకటీ రెండూ ఒక పక్క, మూడూ నాలుగూ ఒక పక్క" అని హరీష్ అరిచాడు.

నోట్లో ముద్ద ఉంది. చెయ్యి ఊపాను. నా నిర్లక్ష్యం అంటే అదే.

చెయ్యి కడుక్కుని, నీళ్ళ చెంబుతో వెంకటేశులు వెనక్కి వచ్చేసరికి ఆట నడుస్తోంది. ఆయనది ఎరుపు రంగు ఊరు. మళ్ళు, కాలవ, మడవ కాడ తలారి, అన్నీ అమరి ఉన్నాయి. పక్కనుంచి హరీష్ తొందరపెడుతున్నాడు. "మామా, నీలం ఊరోనికి ఇంకా సైన్యం లేదు. నీ తలారిని పంపు. మళ్ళు నాశనం చేస్తే పని అయిపోతాది."

"పైరు నాశనం చేసేది నాకు చాతకాదులేప్పా. పోయి సూసొస్తాడు, అంతే" అన్నాడు వెంకటేశులు.

మడవ కాడ ఉన్న తలారి మొట్టమొదటిసారి ఊరు దాటాడు. ఆ ఆటలో చూడని నేలంతా నల్లగా ఉంటుంది. సిపాయి నడిచే మేరకే వెలుగు వస్తుంది. వాడు అడవి పక్కనుంచి, గుట్టల పక్కనుంచి చాలాసేపు నడిచాడు. చివరికి నీలం ఊరి మళ్ళు కనబడ్డాయి. రెండు వరుసల మళ్ళు, మధ్యలో సన్నగా వదిలిన నేల, దాని మొదట్లో నిలబడిన నీలం తలారి.

వెంకటేశులు చెయ్యి మౌస్ మీద ఆగింది.

"ఈ నీలం ఊరు ఎవురిదప్పా?"

"ఎవరో కుర్రాళ్ళదన్నా" అన్నాను.

ఆయన వెనక్కి తిరిగి నా ముఖంలోకి చూశాడు. "కుర్రోళ్ళు కాలవ ఇడస్తారా?"

నాకు అబద్ధం సాగలేదు. నేలచూపులు చూశాను. ఆయన తెరవైపు తిరిగి, తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. లేచి వెళ్ళిపోతాడనుకున్నాను.

వెళ్ళలేదు. తలారిని ముందుకు నడిపించాడు. ఆ ఆటలో మళ్ళ మీద ఎవరైనా నడవచ్చు, పైరు నలగదు. కుర్రాళ్ళంతా అడ్డదిడ్డంగా తొక్కుకుంటూనే పోతారు. ఈయన అలా పోనివ్వలేదు. ప్రతి నొక్కూ ఆ సన్నటి నేల మీదే పడేలా, ఒక్కో అడుగూ చూసుకుంటూ, తలారిని కాలవ వెంబడే నడిపించాడు. తమ్ముడి గట్టు మీదుగా తమ్ముడి మడవ దాకా పోయి ఆపాడు. పోట్లాడమని చెప్పలేదు. మౌస్ మీంచి చెయ్యి తీసేసి ఒళ్ళో పెట్టుకున్నాడు. నేను చెంబు చేతిలో పట్టుకునే చూస్తున్నాను.

కానీ ఆ తలారుల సంగతి నేను చెప్పాలి. ఎదుటి రాజ్యం మనిషి కంటబడితే వాళ్ళు ఎవరి మాటకూ ఆగరు. యజమాని చెప్పినా చెప్పకపోయినా కత్తి తీస్తారు, ఆ ఆట కట్టిందే అట్లా. నీలం తలారి ఎర్రవాణ్ణి చూశాడు. కొట్టాడు.

నాలుగో నంబరులోంచి కేక వినబడింది.

"ఏయ్, కొట్టొద్దురా! ధనుంజయప్పో, బిన్నా రాప్పా, తొందరగా! ఈణ్ణి పట్టుకో! మాయన్న మనిషిని కొడతాండాడు!"

కుప్పుస్వామి తన తలారిని వెనక్కి లాగుతున్నాడు, వాడు రెండడుగులు వెనక్కేసి మళ్ళీ పోయి కొడుతున్నాడు. ఎర్రవాడు కూడా ఊరుకుంటాడా, వాడూ మొదలుపెట్టాడు. నేను పరుగెత్తి, హరీష్ భుజం మీదుగా వంగి, ఆటను ఆపే మీట నొక్కాను. నాలుగు తెరల మీదా అంతా ఎక్కడిదక్కడ నిలిచిపోయింది.

కర్టెన్ తీశాను. కుప్పుస్వామికి చెమటలు పట్టి ఉన్నాయి.

"మీ అన్న అని ఎట్ల తెలుసు మీకు?" అని అడిగాను.

"పైరు తొక్కకుండా కాలవెంబడే వచ్చినాడు గదప్పా. ఈడ అట్ల వచ్చేవాళ్ళు ఇంకెవురుండారు?" అన్నాడు. అప్పుడు నా వెనక చూసి లేచి నిలబడ్డాడు.

వెంకటేశులు వచ్చి నిలబడి ఉన్నాడు. చేతిలో తువ్వాలు నలుపుకుంటున్నాడు. నాలుగేళ్ళ తర్వాత ఎదురుపడిన మనుషులు ఏం మాట్లాడుకుంటారో అని నాకు భయం వేసింది. హరీష్‌ను, వాడి క్లాసుమేటునూ కనుసైగతో కూర్చోమన్నాను.

"అన్నా, నేను కొట్టమని చెప్పలేదు" అన్నాడు కుప్పుస్వామి. చిన్నపిల్లవాడిలా చెబుతున్నాడు. "నీ మింద ఆన. నేను చెప్పలేదన్నా. వాడంతట వాడే కొట్టినాడు."

వెంకటేశులు తమ్ముణ్ణి చూశాడు. కోపం లేదు ఆ ముఖంలో. అలసట ఉంది.

"నేనూ ఆ పొద్దు అదే గదరా చెప్పినా" అన్నాడు.

కుప్పుస్వామి కుర్చీ వెనక పట్టుకున్నాడు. కళ్ళనిండా నీళ్ళు వచ్చాయి, తుడుచుకోవడానికి ప్రయత్నం కూడా చేయలేదు. తప్పు తెలిసిన మనిషిని అంత దగ్గరగా చూడటం నాకు అదే మొదలు. చూడకూడదనిపించి కిటికీ వైపు తిరిగాను.

"మునెయ్య కూడా ఏడ్చినాడన్నా ఆ పొద్దు, నేను నమ్మలే" అన్నాడు చివరికి. "నిన్నూ నమ్మలే."

"సరేలేరా. అయిపోయింది."

"అయిపోలేదన్నా. నాలుగేండ్లు."

వెంకటేశులు పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు. తమ్ముణ్ణీ కూర్చోమన్నాడు. నా నీళ్ళ చెంబు అందుకుని తాగి తమ్ముడికిచ్చాడు.

"బావి ఎట్లుండాది?" అన్నాడు.

"అడుగు కనబడతాంది. చిన్న బండ అడ్డముండాది, దాని కింద చెమ్మ ఉండాది. అది పగిలితే నీళ్ళే."

"రేపు పొద్దన్నే మన్ను తోడే క్రేను వాణ్ణి మాట్లాడుదాం. మన్ను నా పక్క పోయిద్దాం, నీ పక్క పోస్తే దారి మూసుకపోతాది."

"నువ్వు వస్తావాన్నా? బావి కాడికి?"

"రాకుండా యాడికి పోతాను? లోతు మట్టు పట్టుకొని సూసేది నాకు గాని నీకు తెలుసా?"

పదిమందిలో ఒట్టేసిన మాట సంగతి ఏమిటని నేను అడగబోయి నోరు కట్టుకున్నాను. ఒక్కోసారి నాకూ తెలివి పనిచేస్తుంది.

హరీష్ మాత్రం ఉండలేక, "మరి ఆట?" అన్నాడు. వాడి మెడ పట్టి లేపి, టీ తెమ్మని కిందికి పంపాను. వాడు తిరిగి వచ్చేసరికి కరెంటు పోయి నాలుగు తెరలూ నల్లగా ఉన్నాయి. అన్నదమ్ములు బావిలోకి దిగిపోయారు, అంటే మాటల్లో. ఎన్ని నిలువులు దించాలి, మోటారు ఎక్కడ బిగించాలి, పాత పైపు పనికొస్తుందా లేదా, అన్నీ టీ తాగుతూనే తేల్చుకున్నారు. తేలనిది ఒక్కటే.

"నీళ్ళు పడితే ముందు నీ మడికే కట్టుకో అన్నా" అన్నాడు కుప్పుస్వామి. "నీదే ఎక్కువ ఎండింది."

"వంతు ప్రకారం నీదే గదరా ముందు."

"వంతు లేదు గింతు లేదు. నీకే."

"నాకొద్దు. వంతు వంతే."

గొంతులు మెల్లగా పెరిగాయి. గోడ గడియారం నాలుగుకు పది నిమిషాలు చూపిస్తోంది. ఆ తగవు తీర్చడం నా వల్లయ్యే పని కాదు. బస్సు పోతుందని చెప్పి ఇద్దర్నీ మెట్లదాకా తోశాను. కింద సందు మలుపు తిరిగేదాకా వాళ్ళ అరుపులు వినబడుతూనే ఉన్నాయి, నీకు ముందంటే నీకు ముందని.